గంజినూలు కట్టు

జమునకు దేన్ని చూసినా తొందరగా రోత పుట్టేది. పప్పులో దూది పీచు కనబడితే కంచం పక్కకు నెట్టేసేది. భివండీలో, అందులోనూ కనేరిలో, సాంచాల షెడ్డుకు ఆనుకున్న ఒంటిగది ఖోలీలో పుట్టి పెరిగినదానికి ఇదేం రోగమని తల్లి ఆగమ్మ తిట్టేది. మరమగ్గాన్ని అక్కడికి వలసపోయిన మన తెలుగువాళ్లు సాంచా అంటారు. సాంచా నడుస్తున్నంతసేపూ దూది ఎగురుతూనే ఉంటుంది. అన్నం మీద, బిందెలో నీళ్ల మీద, పడుకున్న పిల్లల కనురెప్పల మీద.

"దూది తినకుంట పెరిగినోళ్లెవ్వరే ఈడ? నీ అయ్య పెండ్లికి ముందుకెళ్లి తిన్నడు" అనేది ఆగమ్మ.

తిన్నాడు నిజమే. తిని, దగ్గి దగ్గి పోయాడు సిద్ధిరాములు. ఆ సంగతి మరిచిపోయినట్టు తల్లి ఆ మాట అంటుంటే జమునకు పప్పు మీదకన్నా ఆ మాట మీద ఎక్కువ రోత పుట్టేది.

ఒక విధంగా ఆ రోతే ఆమెను చదివించింది. సాంచాకు కండెలు చుట్టే పని తప్పించుకోవడానికి మరాఠీ బడిలో పన్నెండో తరగతి దాకా లాక్కొచ్చింది, టైపు నేర్చుకుంది. కాశేలి దారిలో పసిపిల్లల ఎముకల జబ్బులు చూసే ట్రస్టు ఆసుపత్రి ఒకటి ఉంటే, అక్కడి రికార్డు గదిలో పని దొరికింది. ఆసుపత్రి కదా, శుభ్రంగా ఉంటుందనుకుంది. మొదటి రోజే తెలిసిపోయింది. అట్టల జిగురు తినడానికి ఎలుకలు వచ్చేవి. డ్రెస్సింగు గదిలోనుంచి వచ్చే కేసు కాగితాలు చీము మరకలతో, అయోడిన్ మరకలతో ఒకదానికొకటి అంటుకుని ఉండేవి. వాటిని గోటితో విడదీయడమే ఆమె పనిలో మొదటి భాగం.

రెండో భాగం నంబరు వేయడం. డాక్టరు జబ్బు పేరు మాటల్లో రాస్తాడు. లావుపాటి పుస్తకంలో ఆ మాటలు వెతికి, వాటికి సరిపోయే అక్షరమూ నంబరూ ఎర్రసిరాతో కాగితం మూలన రాయాలి. పుట్టుకతో వచ్చిన వంకరలన్నీ క్యూ అక్షరం కింద ఉంటాయి. పుట్టిన తరవాత వచ్చినవి ఎమ్ కింద. లోపలికి మెలితిరిగి మడమ పైకి లేచిన పసిపాదం క్యూ అరవై ఆరు చుక్క సున్నా. అచ్చం అలాంటి పాదమే దెబ్బ తగిలో జబ్బు చేసో వంకరపోతే ఎమ్ ఇరవై ఒకటి చుక్క ఐదు. చూసేవాళ్లకు రెండూ ఒకటే. ఆసుపత్రికి కాదు. క్యూ రాసి ఉన్న బిడ్డ నేరుగా ప్లాస్టరు గదికి పోతాడు. వారం వారం పాదాన్ని కొద్దికొద్దిగా తిప్పి కొత్త ప్లాస్టరు వేస్తారు, ఆ తరవాత బూట్లు ఇస్తారు, అన్నీ ట్రస్టు ఖాతాలోనే. ఎమ్ రాసి ఉన్న బిడ్డ పెద్ద వరుసలోకి పోతాడు. అతనికి ఆపరేషను, అదీ వంతు వచ్చాక. వంతు వచ్చేసరికి ఎముక ముదిరిపోతుంది.

"మనం డాక్టర్లం కాదు" అని మొదట్లోనే చెప్పింది రికార్డు గది పెద్ద, సావంత్ బాయి. "కాగితంలో ఏముంటే దానికి నంబరు వెయ్యి. కాగితం బయట పిల్లాడు లేడనుకో."

ఆ మాటా జమునకు రోతగానే అనిపించింది. అయినా నంబర్లు వేసింది.

కొన్ని నెలలకు ఒక సంగతి ఆమె కంటపడింది. తెలుగు ఇంటిపేర్లున్న కాగితాల్లో పసిపిల్లలందరూ పడిపోతూ ఉండేవారు. తొట్లెలోనుంచి పడ్డాడు, అక్క చంకలోనుంచి జారాడు, మంచం మీదనుంచి దొర్లాడు. పడి రెండు పాదాలూ ఒకే తీరుగా, అద్దంలో చూసుకున్నట్టు మెలితిరిగాయి. ఒక్కసారి పడితే రెండు కాళ్లూ అలా ఎలా వంకరపోతాయని రాసిన డాక్టరు అడగలేదు. వరుసలో ఎవరు ముందు నోరు తెరిస్తే వాళ్లు చెప్పింది రాసేసి తరవాతి బిడ్డను పిలిచేవాడు.

ఎందుకు పడుతున్నారో జమునకు తెలుసు. వంకరకాలితోనో చీలిన పెదవితోనో బిడ్డ పుడితే మనవాళ్లలో తల్లిని అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే. గ్రహణం నాడు ఏం చేసినవ్? కడుపుతో ఉన్న ఆడది గ్రహణం పట్టినప్పుడు ఏదైనా కోసినా తెంపినా మెలిపెట్టినా ఆ మెలి లోపలి బిడ్డకు తగులుతుందని నమ్మకం. జవాబు ఏదైనా సరే, ఆ తల్లి బతికున్నన్నాళ్లూ ఆమె మీద ఉండిపోతుంది. అందుకని పడ్డాడంటారు. పడటంలో ఎవరి తప్పూ లేదు.

కనేరిలో ఆ ప్రశ్న అడిగేవాళ్లలో అందరికన్నా గొంతు పెద్దది ఆగమ్మదే. గ్రహణం వస్తోందంటే చాలు, ఖోలీలన్నీ వరసగా ఉన్న ఆ చాల్‌లో కడుపుతో ఉన్నవాళ్లందరి గడపలూ తొక్కేది. కదలొద్దు, గోకొద్దు, వెల్లకిలా పడుకో అని చెప్పి వచ్చేది. పక్క ఖోలీలోని రామవ్వకు పెదవి చీలిన మనవడు పుట్టినప్పుడు, "నీ కోడలు గ్రహణం నాడు ఉల్లిగడ్డ కోసింది, నేను నా కండ్లతోని చూసిన" అని నల్లా దగ్గర పదిమందిలో అన్నది. రామవ్వ ఖోలీ ఖాళీ చేసి నార్పోలి పేటకు వెళ్లిపోయింది.

అలాంటి ఆగమ్మకు మనవడు పుట్టాడు. కొడుకు రాజమౌళి షిఫ్టులో ఉన్నాడు. కోడలు స్వరూపకు నొప్పులు మొదలయ్యేసరికి కరెంటు పోయింది. మంత్రసాని పక్కన దీపం పట్టుకుని నిలబడింది జమునే. బిడ్డ బయటికి రాగానే ఆమె చూపు పాదాల మీద పడింది. రెండూ లోపలికి తిరిగి, అరికాళ్లు ఒకదానికొకటి ఎదురుగా ఉన్నాయి.

"అవ్వా, భయపడకు. ఇది మా దవాఖానల బాగైతది" అన్నది జమున తల్లితో. వారం వారం ఎలా తిప్పుతారో, ఎక్కడ పట్టుకుని ఎటు నొక్కుతారో, ప్లాస్టరు ఎలా చుడతారో చేతులతో చూపించి మరీ చెప్పింది. ఆగమ్మ శ్రద్ధగా విన్నది. విని, పాత చీర చింపి బిడ్డ కాళ్లకు చుట్టేసింది.

"ఆడ ఉండేది మనోళ్లే. పుట్టుకతోని అని రాస్తరు. మల్ల గ్రహణం నాటికి ఎన్నో నెల అని లెక్కవెట్టుకుంట కూసుంటరు."

"పెట్టుకోనియ్యవే. పోరని కాళ్లు ముఖ్యమా, నల్లా కాడి ముచ్చట్లు ముఖ్యమా?"

"నీకేం ఎరుక? నువ్వు కాగితాల మీద బతుకుతున్నవ్. నేను ఈ చాల్‌ల బతకాలె."

రాజమౌళిని అడిగితే, "అవ్వ చెప్పినట్టు చేద్దాం తియ్" అని తువ్వాలు భుజాన వేసుకుని షెడ్డుకు పోయాడు. స్వరూపను అడిగితే ఆమె బిడ్డకు పాలిస్తూ గోడ వైపు చూసింది. కిట్టు అని పేరు పెట్టారు. తొట్లెలోనుంచి పడ్డాడని చాల్ అంతా చెప్పుకున్నారు. జమున పొద్దున్నే ఆసుపత్రికి పోయి పరాయి పిల్లల కాగితాల మీద క్యూ అరవై ఆరు రాసి వచ్చేది. ఇంటికి వచ్చి, గుడ్డలో చుట్టిన ఆ కాళ్లను చూస్తూ అన్నం తినేది. అన్నం సయించేది కాదు. తల్లి మీద, అన్న మీద, నోరు మెదపని వదిన మీద అసహ్యం. రోజూ చూస్తూ రోజూ తింటున్నందుకు తన మీదా అసహ్యమే.

వానాకాలం వచ్చింది. ఖోలీలో పుల్లటి కంపు మొదలైంది. మోరీ నిండిందేమో అనుకుని జమున రెండు బిందెల నీళ్లు కుమ్మరించింది. కంపు పోలేదు. "పోరడు పండుకున్నడు, లేపకు" అని ఆగమ్మ తొట్లె దగ్గరికి పోనిచ్చేది కాదు. ఒకరోజు సాయంత్రం జమున డ్యూటీ నుంచి వచ్చేసరికి ఆగమ్మ నీళ్ల వరుసలో ఉంది. తొట్లె దగ్గరికి పోయి గుడ్డ తీసింది.

కిట్టు కాళ్లకు మోకాళ్ల దాకా గోధుమరంగు డొప్పలున్నాయి. వేలితో కొడితే టక్కుమన్నాయి. దగ్గరికి వంగి చూస్తే అది నూలు. పడుగు నూలును గంజిలో ముంచి, తడిగా ఉన్నప్పుడే పాదం మీదినుంచి మోకాలి దాకా వరస మీద వరస చుట్టారు. పడుగు గట్టిపడటానికి సైజింగులో ఏ గంజి పెడతారో అదే గంజి. అది ఆరి చెక్కలా బిగిసింది. కింద కనబడుతున్న వేళ్లు ఉబ్బి నల్లగా ఉన్నాయి, వాటి సందుల్లో దూది అంటుకుని ఉంది. ఆ పుల్లటి కంపు అక్కడినుంచే వస్తోంది. పులిసిన గంజి, దాని కింద ఇంకేదో.

ఆగమ్మ బిందె పట్టుకుని లోపలికి వచ్చింది. భయపడలేదు. కాస్త గర్వంగానే ఉంది.

"నువ్వు చెప్పినట్టే చేసిన. వారం వారం జెర్ర జెర్ర తిప్పుకుంట కట్టిన. మీ దవాఖానోళ్ల సున్నం కంటే మా గంజి ఏం తక్కువ?"

"అవ్వా, వేళ్లు సూడు! రక్తం వోతలేదు!"

"కట్టు బిగిస్తే గట్లనే ఉంటది. నువ్వే అన్నవ్ గద, బిగియాలె అని?"

జమున మోరీ దగ్గరికి పరుగెత్తి కక్కింది. తాను చేతులతో చూపించిన ప్రతి సంగతీ ఆ కాళ్ల మీద ఉంది. గోరువెచ్చని నీళ్లలో కాళ్లు నానబెట్టి, స్వరూప బిడ్డను పట్టుకుంటే, పోగు పోగుగా ఊడదీసింది. కొన్నిచోట్ల పోగుతోపాటు తోలు వచ్చింది. కిట్టు ఏడ్చి ఏడ్చి ఊపిరి పట్టేశాడు. నీళ్లు పొయ్యగా పొయ్యగా వేళ్లకు మెల్లగా ఎరుపు వచ్చింది.  స్వరూప పెదవిని పంటికింద నొక్కిపెట్టింది.

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికి బయలుదేరారు. వద్దంటున్నా ఆగమ్మ వెంట వచ్చింది. హాలంతా నిండి ఉంది. సగం మంది కనేరివాళ్లే, నార్పోలివాళ్లే. తన ఇంటివాళ్లను వరుస తప్పించి లోపలికి తీసుకుపోతే సావంత్ బాయి ఊరుకోదు. జమున వదినను బెంచీ మీద కూర్చోబెట్టి, "పుట్టుకతోనే ఉన్నది అని చెప్పు వదినా. గంతే. ఇంకేం చెప్పకు" అని నాలుగుసార్లు చెప్పి, హాజరు వేయడానికి రికార్డు గదికి పోయింది.

తిరిగి వద్దామనుకునేలోపే ఆ పొద్దుటి కాగితాల కట్ట బల్ల మీద పడింది. పైనున్న కాగితం మీద సిరా ఇంకా తడిగా ఉంది. కిట్టు, మగ, ఐదు నెలలు. తొట్లెలోనుంచి పడి రెండు పాదాలూ వంకరపోయాయి. ఇంట్లో నాటుకట్టు. పుండ్లు. చెప్పినవారు, నానమ్మ.

జమున ఆ అక్షరాలు చూస్తూ కూర్చుంది. నిన్న తాను తోలుతోపాటు కట్టు ఊడదీసిన కాళ్లు రెండూ ఈ ఒక్క వాక్యంలో పడున్నాయి. ఆ డాక్టరు ఆ రెండు పాదాలనూ చేతులతో పట్టుకునే ఉంటాడు. పట్టుకుని కూడా ఇది రాశాడు.

సావంత్ బాయి ఆమె భుజం మీదుగా చూసింది. "దానికేం ఆలోచన? ఎమ్ ఇరవై ఒకటి. రాసెయ్యి."

"ఇది మా అన్న కొడుకు, బాయీ."

"ఎవరైతే ఏం? కాగితంలో పడ్డాడనే ఉంది కదా."

"కాగితంలో అబద్ధం ఉంది."

"అయితే డాక్టరుతో మార్పించుకో. నువ్వు మాత్రం సొంతంగా క్యూ రాశావంటే, లెక్కలు చూసేవాళ్లు వచ్చినప్పుడు పోయేది నీ ఉద్యోగం. నాది కాదు."

జమున కాగితం తీసుకుని లేచింది.

డాక్టరు చిన్నవాడు, మరాఠీవాడు. చుట్టూ ముసిరిన తల్లుల మధ్య చెమటలు కక్కుతున్నాడు. ఆగమ్మ ముందు నిలబడి ఉంది. వెనక స్వరూప బిడ్డను కొంగులో కప్పుకుని ఉంది. జమున నేరుగా పోయి కాగితం అతని బల్ల మీద పెట్టి హిందీలో అన్నది. "ఈ బిడ్డ పడలేదు సాబ్. పుట్టుకతోనే ఇలా ఉన్నాడు. నేను చూశాను."

"నువ్వు రికార్డు గది అమ్మాయివి కదా?"

"బిడ్డ మేనత్తను కూడా."

ఆమె ఏమన్నదో ఆగమ్మకు అర్థమైంది. బజారు హిందీ ఆమెకూ వచ్చు. "అవద్దం సాబ్! ఝూట్ హై! అది అప్పుడు ఇంట్లనే లేకుండె" అని తెలుగూ హిందీ కలిపి అరిచింది.

"ఇంట్ల లేకుంటే దీపం ఎవరు పట్టిండ్రే అవ్వా?"

బెంచీల మీదివాళ్లు ఇటు తిరిగారు. ఎవరో వెనకనుంచి, "ఆగవ్వ మనవడా? పడ్డడన్నరు గద" అన్నారు. ఆగమ్మ ముఖం ఎర్రబడింది. డాక్టరు విసుగ్గా, "మీరిద్దరూ ఆగండి. తల్లి ఎవరు? తల్లి చెప్పాలి" అన్నాడు. జమున ఆ ముక్క తెలుగులో వదినకు చెప్పింది. ఆగమ్మ చెయ్యి కొంగు చాటునుంచి పోయి కోడలి తొడ గిల్లడం జమునకు స్పష్టంగా కనిపించింది.

స్వరూప ఉలిక్కిపడింది. తరవాత కొంగు తీసి, పుండ్లుపడ్డ రెండు కాళ్లనూ డాక్టరు ముందు పెట్టింది. "పుట్టుకతోనే గిట్లున్నయ్" అన్నది.

డాక్టరు ఈసారి పాదాలు తిప్పి చూశాడు, మడమ నొక్కి చూశాడు. రాసినదాన్ని అడ్డంగా కొట్టి, పక్కన కొత్తగా రాసి సంతకం పెట్టాడు. జమున అక్కడే, అతని బల్ల మీదే, మూలన ఎర్రసిరాతో క్యూ అరవై ఆరు చుక్క సున్నా వేసింది. తొందరలో సున్నా పెద్దదైపోయింది. అంతటితో అయిపోయిందనుకుంది.

అయిపోలేదు. ఆగమ్మ అప్పటికే బెంచీల వైపు తిరిగి, అందరికీ వినబడేలా మొదలుపెట్టింది. "ఏం చెప్పాలె అక్కా! గ్రహణం నాడు కదలకే అని మొత్తుకున్న. ఇన్నదా? షెడ్డుకు వోయి కండెలు వట్టింది. నూలు తెంపింది. గిప్పుడు పోరడు గిట్లయిండు."

ఐదు నెలలు గోడకేసి చూసిన స్వరూప అత్తకేసి చూసింది.

"నేను వోతనన్ననా అత్తా? గటారీ నాడు తాగి కండెలోడు రాకపాయె. మాలు ఆగుతదని షేటు ఒర్రుతుంటే, నువ్వే గద నా చెయ్యి వట్టి షెడ్డుకు గుంజుకవోయింది? మబ్బువట్టింది, గ్రహణం కనవడదు, కనవడకుంటే తాకదు అన్నవ్! కత్తెర లేకుంటే పండ్లతోని తెంపుమన్నవ్! తెంపిన. ఎన్ని పోగులు తెంపిన్నో నాకే ఎరుక. అందుకే నా కొడుకు కాళ్లు గిట్లయినయ్. తెంపింది నేను, తెంపిచ్చింది నువ్వు!"

గటారీ అంటే శ్రావణం పట్టకముందు అక్కడివాళ్లు తాగి తినే అమావాస్య. పోయిన ఏడు గ్రహణం సరిగ్గా ఆ రోజే వచ్చింది.

హాలు మొత్తం ఆగమ్మ వైపు చూసింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నవాళ్లు కొందరు, నవ్వు దాచుకోనివాళ్లు కొందరు. "పండ్లతోనా!" అని ఒకామె చెవులు మూసుకుంది. "పండ్లతోని అసలే తెంపద్దు" అని ఇంకొకామె తలూపింది.

జమునకు ఒళ్లంతా కంపరమెత్తింది. వదిన నోరు విప్పిందని ఒక్క క్షణం పొంగిన గుండె మళ్లీ జారిపోయింది. అత్తా కోడలూ పోట్లాడుతున్నది ఎవరిది తప్పు అని. నూలే కాళ్లు వంచిందన్న దగ్గర ఇద్దరిదీ ఒకే మాట.

"నూలు తెంపితే కాళ్లు వంకరవోవు" అని అందరితో గట్టిగా అన్నది. "షెడ్డుల అందరం దినాం తెంపుతం. అట్లయితే అందరి పిల్లలు గిట్లనే పుట్టాలె."

బెంచీ చివర, రెండు చంకల్లో ఇద్దరు కవలలతో కూర్చున్న ఒక ముసలామె జవాబిచ్చింది. "అందుకేగదా బిడ్డా, ఈ హాలు నిండింది."

అందరూ నవ్వారు. డాక్టరుకు తెలుగు రాదు. "ఏమంటున్నారు? జబ్బు గురించి ఏమైనా చెబుతున్నారా?" అని జమునను అడిగాడు.

"ఏం లేదు సాబ్. ఇంటి గొడవ" అన్నది.

పుండ్లు మానేదాకా ప్లాస్టరు వేయకూడదని, రోజూ కట్టు మార్పించుకోమని, ఆ తరవాతి వారం మంగళవారం ప్లాస్టరు గదికి తీసుకురమ్మని డాక్టరు చెప్పాడు. ఎముక ఇంకా లేతగానే ఉంది, వాళ్లు ఆలస్యం చేసినా పని జరుగుతుందన్నాడు. "మంగళారమా? మంగళారం మంచి పని మొదలువెడుతరా?" అన్నది ఆగమ్మ. స్వరూప బిడ్డను కొంగులో కప్పుకుని లేచింది.

ఆ మంగళవారానికి ఆమె రాదనే అనుకుంది జమున. చాల్‌లో ఆ పదిరోజులూ నల్లా దగ్గర ఆగమ్మ కనబడగానే మాటలు ఆగిపోయేవి. ఇంట్లో కోడలితో మాటల్లేవు, కూతురితో అసలే లేవు. కానీ పొద్దున్నే అందరికన్నా ముందు తయారై, ఉతికిన చీర కట్టుకుని ఆటో దగ్గర నిలబడింది.

ప్లాస్టరు గదిలో బల్ల మీద కిట్టును పడుకోబెట్టారు. స్వరూప తల దగ్గర నిలబడి పాలసీసా నోట్లో పెట్టింది. పాదం ఎటూ జారకుండా మోకాళ్ల దగ్గర పట్టుకోమని డాక్టరు జమునకు చెప్పాడు. అతను మెల్లగా, నొప్పి తెలియనంత మెల్లగా పాదాన్ని బయటికి తిప్పి, దూది చుట్టి, తడి పట్టీ చుట్టడం మొదలుపెట్టాడు. కిట్టు ఏడవలేదు. పాలు తాగుతూ డాక్టరు కళ్లద్దాల వైపు చూస్తున్నాడు.

తలుపు దగ్గర వరుసలో నిలబడ్డ ఒక కొత్త తల్లితో ఆగమ్మ మాటలు కలిపింది. ఆ పిల్ల భయపడుతూ, "నొప్పి అయితదా పెద్దమ్మా?" అని అడిగింది.

"ఏం గాదు బిడ్డా. వారం వారం జెర్ర జెర్ర తిప్పుడే. నేను ఇంటికాడనే మొదలువెట్టిన. గంజినూలుతోని. సగం నా చేతులనే వంగొచ్చినయ్, గిప్పుడు ఈ డాక్టరు మిగిలింది చేస్తున్నడు. సూడు, నేను కట్టినట్టే కడుతున్నడు."

ఆ పిల్ల మెచ్చుకోలుగా చూసింది. ఆగమ్మ గంజి ఎంత చిక్కగా ఉండాలో చెప్పడం మొదలుపెట్టింది.

జమునకు మళ్లీ ఆ పులిసిన గంజి కంపు కొట్టినట్టయింది. బయటికి పోయి నోరు పుక్కిలించి, చేతులు మోచేతుల దాకా కడుక్కోవాలనిపించింది. "గంజి గింజి ఏం పెట్టకు అక్కా! వేళ్లు నల్లవడుతయ్! నేరుగ ఈడికే తీసుకరా!" అని అక్కడినుంచే అరిచింది. ఆగమ్మ వినబడనట్టే చెప్పుకుపోతోంది. జమున కదల్లేదు. కిట్టు మోకాళ్లు ఆమె రెండు చేతుల్లోనూ ఉన్నాయి. ప్లాస్టరు ఆరేదాకా వదలొద్దన్నాడు డాక్టరు.